ముందే లేచిన గుట్ట

మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో అందరూ అతన్ని జోస్యం అనేవారు. మాత్రను కరిగించి సన్నటి గొట్టంలోకి ఎక్కించి, వెనక నుంచి నీళ్లూ ద్రావకమూ కలిపి తోస్తూ, ద్రావకం వాటా మెల్లగా పెంచుతూ పోతే లోపలి పదార్థాలు ఒకటొకటిగా బయటపడతాయి. తెరమీద ఒక్కొక్కటీ ఒక్కో గుట్టలా లేస్తుంది. ఏది ఎప్పుడు లేస్తుందో ముందే లెక్కగట్టి చెప్పడం అతని విద్య. లెక్క తప్పితే ఆ పూట అన్నం సహించదు. చిన్నప్పుడే అమ్మ పోతే పెంచిన అక్క తప్ప అతనికి వేరే ఇల్లూ వాకిలీ లేవు.

కొత్త మిషన్ వచ్చింది. పాతదానిలో కలిసిన ద్రవం గొట్టం దాకా చేరడానికి బోలెడు దారి. ఆ ఆలస్యం ఏళ్ల తరబడి అతని లెక్కల్లో తిష్ట వేసుకుంది. కొత్తదానిలో దారి జానెడే. తెలియక కాదు, తట్టలేదంతే. నొప్పి మాత్రల సరుకు పరీక్షిస్తే గుట్ట అతను చెప్పినదానికన్నా ముందే లేచింది.

"ఏం జోస్యం, తప్పిందే!" అన్నాడు పక్క బల్ల అతను.

"కొత్తది కదా, దూకుడెక్కువ" అని నవ్వి సంతకం పెట్టేశాడు. అన్నం మానేయాల్సింది ఆ రోజే!

ఆ మాత్రలే అక్క కూడా వేసుకునేది. కొన్నాళ్లకు, "కాళ్లు నీరు పట్టాయిరా, మానెయ్యనా?" అంది.

"నా చేతిమీదుగా వెళ్లిన సరుకే అక్కా. మానకు."

మరో మందు పరీక్షలోనూ గుట్టలన్నీ తొందరపడేసరికి, దారి తగ్గిన సంగతి అప్పుడు తట్టింది. దాచి ఉంచిన నొప్పి మాత్రల నమూనా తీసి పాత మిషన్‌లో పెట్టాడు. కొత్తదానిలో ఒక్కటిగా కలిసి లేచిన గుట్ట ఇక్కడ రెండయింది. మందు చాటున దాక్కున్న ఆ రెండోది విషం. మేనేజరుతో చెప్పాడు, సరుకు వెనక్కి రప్పించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

అక్క కిడ్నీలు ఇక కోలుకోవన్నారు డాక్టరు. ఎందుకు పాడయ్యాయో అక్కకు చెప్పడానికి అతనికి నోరు రాలేదు. చచ్చిపోవాలనిపించింది, కానీ అక్కకు మంచినీళ్లిచ్చే దిక్కెవరు?

నర్సు కొత్త మాత్ర ఇస్తే అక్క గుప్పిట్లోనే పెట్టుకుంది.

"ఇదీ నువ్వు చూసిందేనా? అయితేనే మింగుతా."

"కాదక్కా" అన్నాడు. "ఇది నేను చూడలేదు. అందుకే వేసుకో."