సన్న గింజల గోధుమ

ఇరాకీ సైనికులు దోచుకుపోయారని సారుకు చెప్పిన గోధుమ విత్తనాన్ని తిన్నది నేనే.

సారు కోస్తా జిల్లాల మనిషి, గోధుమ మీద పరిశోధన చేసే డాక్టరు. కువైట్‌లో ఆయన ప్రయోగ పొలానికి నేను కూలీని. చలికాలంలో మడులు కట్టి రకరకాల గోధుమ విత్తేవాళ్లం. తుప్పు తెగులు వచ్చిందంటే ఆకు ముట్టుకోగానే వేళ్లకు ఎర్రటి పొడి అంటేది. ఒక్క మడి మాత్రం చివరిదాకా పచ్చగా నిలిచేది. గోధుమను అడవిగడ్డితో సంకరం చేసి సారు ఏళ్ల తరబడి పెంచిన రకం అది. తెగుల్ని తట్టుకునే గుణం దాని పుట్టుకలోనే ఉందనీ, దాన్ని మంచి దిగుబడి రకాల్లోకి దించాలనీ చెప్పేవారు. గింజ మాత్రం సన్నగా, ముడుచుకొని ఉండేది.

ఆ వేసవి సారు సెలవు మీద ఊరికి వెళ్తూ విత్తనాల గది తాళం నాకిచ్చారు. ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. కువైట్ శివారు సబ్హాన్‌లో మా గదిలో బియ్యం అయిపోయాయి. మాకు వంట చేసే రాయచోటి సాయిబు నన్ను మామా అని పిలిచేవాడు.

“అన్ని గోదుమలు బెట్టుకోని పస్తుండల్నా మామా? మీ సారొచ్చి గంజి పోస్తాడా?”

“అవి ఇత్తనాలబ్బా.”

“మనం బతికుంటే గదా ఇత్తేది! యల్లా, లెయ్.”

మందు పట్టించేది విత్తే ముందే కాబట్టి అవి తినదగ్గవే. సంచులు తెచ్చి నేల మీద పోశాను. మా కడప వైపు ఎంత కరువొచ్చినా లావు గింజ విత్తనానికి తీసి, సన్నం కుండలో వేస్తారు. నా చేతికి అదే అలవాటు. ఆ సన్న గింజ ఏ మడిదో నాకు తెలుసు, కోసింది నేనే. అయినా సన్నవన్నీ సాయిబు ముందుకు తోశాను. నూక పట్టి సంగటి కెలికాడు. “గడ్డి వాసనొస్తాంది మామా” అని నవ్వాడు. చివరికి మిగిలిన పిడికెడు సన్న గింజలు దారికని మూటగట్టుకున్నాడు.

కువైట్ వదిలి వస్తూ, లావు గింజల సంచిని జోర్డాన్ ఎడారి గుడారాల్లో తలకింద పెట్టుకొని, అమ్మాన్‌లో విమానమెక్కేదాకా కాపాడాను. సారు ఇంటికెళ్లి గర్వంగా చేతికిచ్చాను. ఆయన గుప్పెట్లోకి తీసుకొని చూసి, “సన్నవేవయ్యా?” అన్నారు.

“సైనికులు ఎత్తకపోయినారు సార్” అన్నాను. ఇంకేమీ అడగలేదు.

సాయిబు ఆ మూటను విప్పకుండానే రాయచోటి చేర్చాడనీ, వాళ్లింట్లో కోళ్లకు వేశారనీ తర్వాతెప్పుడో విన్నాను. అక్షరాలు నాకు నేనే నేర్చుకొని, దొరికిన వ్యవసాయ పుస్తకమల్లా చదివాక సారు ఏం పోగొట్టుకున్నారో పూర్తిగా తెలిసింది. ఈ సంగతి చెబితే మా వాళ్లు “ఆకలికి తింటే తప్పేముంది” అంటారు. ఒళ్లు మండుతుంది నాకు. ఆకలి సంగతి ఎవడడిగాడు? సారు ముందు అబద్ధమాడిన రోజు నా కడుపు నిండే ఉంది కదా!

మొన్న సారుకు ఫోన్ చేసి, కోళ్ల సంగతితో సహా అన్నీ చెప్పేశాను. ఆయన అన్నారు:

“తిన్నారని నాకు ఆ రోజే తెలుసయ్యా. ఏ సైనికుడైనా సన్న గింజ ఏరుకొని లావువి వదిలిపోతాడా? అంతా అయిపోయిందనుకొని ఊరుకున్నాను. ఆ పిడికెడు ఉందని ఒక్క మాట చెప్పుంటే, రాయచోటికి నడిచైనా వెళ్లేవాణ్ణి.”