దుప్పటిలో ఒక గడి ఖాళీ

క్రోషా దుప్పటి మీద హృదయం గుర్తు అల్లిన మగవాళ్ళలో మా జిల్లాలో నేనే మొదటివాణ్ణి. ఈ మాట చాలామందికి చెప్పాను. నిజానికి జిల్లాలో ఎవరు ఏం అల్లుతున్నారో నాకేం తెలుసు? మా వీధిలో మొదటివాణ్ణి. అదీ మా వీధి చిన్నది కాబట్టి. నెల్లిమర్ల జూట్ మిల్లులో డిజైన్ పని చేశానని కూడా చెబుతుంటాను. గోనె సంచికి డిజైన్ ఏముంటుంది? సంచుల మూతులు కుట్టే మిషను దగ్గర పనిచేశాను. రిటైరయ్యాక చేతులు ఊరుకోక, మా ఆవిడ దగ్గర క్రోషా సూది పట్టుకోవడం నేర్చుకున్నాను.

దుప్పటి ఎవరికో మాత్రం ఎవరికీ చెప్పలేదు. మా మనవరాలు పురిటికి మా ఇంటికే వచ్చింది. అంతకు ముందు ఏడాది కూడా ఇలాగే వచ్చి, ఏడో నెలలోనే ఆడబిడ్డను పోగొట్టుకుని, ఉత్త చేతులతో తిరిగి వెళ్ళింది. అప్పుడు మా ఆవిడ సంబరంగా ముందే ఉయ్యాల కడిగి, వెనక గదిలో దూలానికున్న ఇనప కొక్కేనికి వేలాడదీసింది. తర్వాత దాన్ని విప్పి అటకెక్కించి, గది తలుపు వేసేసింది. ఈసారి ఇంట్లో కట్టుబాటు గట్టిది. పుట్టబోయే బిడ్డ కోసం గుడ్డముక్క కూడా ముందు తయారు కాకూడదు. పుట్టాక పాత నేత చీర ముక్కలో చుట్టడమే.

నాకు ఆ వెనక గదే కావలసి వచ్చింది. మా ఇంట్లో మంచి వెలుతురు వచ్చే కిటికీ అక్కడే ఉంది.

గళ్ళ కాగితం మీద పెన్సిలుతో ఒక్కొక్క గడే నింపుకుంటూ గుర్తు గీశాను. కాగితం మీద బొద్దుగా, ముద్దుగా ఉంది. ఊలుతో చదరానికొక గుర్తు చొప్పున అల్లేసరికి నిలువునా సాగిపోయింది. కాగితం మీద గడి నలుచదరం. నేను వేసిన కుట్టు వెడల్పు కంటే ఎత్తెక్కువ. కావాలనే అలా చేశానని తర్వాత అందరికీ చెప్పాను. అసలు ఆ ఆలోచనే రాలేదు. పైన రెండు గుబ్బలు నుదురులాగా, కింద మొన గడ్డంలాగా, ప్రతి చదరం ఒక ఎర్రటి ముఖమైంది. కళ్ళు లేవు, నోరు లేదు. చదరాలన్నీ కలిపి కుట్టి మంచం మీద పరిస్తే, వరసగా పడుకుని పైకి చూస్తున్నట్టుండేవి. పంకా గాలికి దుప్పటి కొంచెం లేచేది, కొంచెం దిగేది. ఊపిరి తీస్తోందని చెప్పి మా ఆవిడను బెదిరిద్దామనుకున్నాను. ఆ మాట నోట్లో ఉండగానే నా వెన్నే జలదరించింది. నెత్తిమీద ఆ ఉత్త కొక్కెం కిర్రుమంటున్నట్టు వినిపించేది. పంకా చప్పుడే అయి ఉంటుంది. పంకా ఆపి మాత్రం వినలేదు.

ఒకరోజు ఆవిడ తలుపు తోసుకుని వచ్చేసింది.

“ఇదేటయ్యా?”

“సోఫా మీదకి.”

“మనింట్లో సోఫా ఎక్కడున్నాది?”

“కొంటాను.”

“కొంటావు, నీ మొగం! నాకు కళ్ళు పోనాయనుకున్నావేటి? ఏది వద్దన్నానో అదే సేస్తన్నావు. ఈ ఎర్ర మొగాలేటి, నన్నే సూస్తన్నాయి?”

“ఒసే, అవి గుండెలే.”

“గుండెకి గెడ్డం ఉంటాదేటి?”

పీకి పారేస్తుందనుకున్నాను. పారెయ్యలేదు. మంచం పట్టె మీద కూర్చుని అరచేత్తో దుప్పటిని నిమిరింది. గొంతు తగ్గించి అంది: “ముగించకు. నడిమన ఒక గడి ఒగ్గీ. గుంట పుట్టి కేరుమన్నాకే అది అల్లు. అందాకా ఇది దుప్పటి కాదు. ఊలు ముక్కలే.”

అలా మధ్యలో చెయ్యి దూరేంత కన్నం మిగిలింది. ఆ కన్నం కూడా నా డిజైనేనని చెప్పుకున్నాను. ఆవిడది.

నెలలు నిండుతుండగా, మొక్కు ఉందని ఆవిడ అంటే ఇద్దరం బస్సెక్కి రామతీర్థం వెళ్ళాం. మనవరాలికి తోడుగా పక్కింటామెను కూర్చోబెట్టాం. ఎండ వాలుతుండగా తిరిగి వచ్చేసరికి మనవరాలు ముందు గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కింటామె వంటింట్లో బియ్యం ఏరుతోంది. వెనక గది తలుపు ఓరగా తెరిచి ఉంది.

కన్నం పూడిపోయి ఉంది.

అక్కడ పసుపుపచ్చ గుండె. మా ఇంట్లో పసుపుపచ్చ ఊలు లేదు. మిగతావన్నీ తల పైకి పెట్టుకుని ఉంటే, అదొక్కటీ తలకిందులుగా ఉంది. చిన్నగా, బిగుతుగా. చెయ్యి ఆనించాను. ఒంటిమీద చెయ్యి వేసినంత వెచ్చగా తగిలింది. కిటికీ ఎండ సరిగ్గా దానిమీదే పడుతోందని తర్వాతగాని గమనించలేదు.

ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. “ఓలమ్మో! ఆ పోయిన గుంట వొచ్చీసినాదయ్యా. దాని సోటు అది అల్లీసుకున్నాది. ఇప్పీ! బేగి ఇప్పీ!”

నేనూ కాసేపు నమ్మాను. నమ్మలేదని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను గాని, నమ్మాను. కళ్ళజోడు సరిచేసుకుని వంగి చూస్తే అప్పుడు కనిపించింది. నా కుట్లు వాలిన పక్కకు ఆ కుట్లు వాలలేదు. అన్నీ ఎదురు పక్కకు ఒరిగి ఉన్నాయి. ఎడమచేత్తో అల్లినవి. మా ఇంట్లో ఎడమచేతివాటం మనిషి ఒక్కతే. చిన్నప్పుడు ఆ చేత్తో అన్నం ముద్ద ఎత్తితే మా ఆవిడ వేళ్ళమీద కొట్టేది. క్రోషా నేర్పబోయి, ఎడమచేతికి రాదులెమ్మని మధ్యలో వదిలేసింది.

మనవరాలి మంచం దగ్గరికి వెళ్ళాను.

“నువ్వేనేటమ్మా?”

గోడకే చెప్పింది. “ఆ ఊలు అప్పుడు కొన్నాను తాతా. దాని కోసం. నా పెట్టె అడుగున ఉండిపోనాది. దాన్ని ఏటీ కప్పకండానే పంపీసినాం కదా. నీ దుప్పట్లో సోటు కనిపించినాది.”

“బాగున్నాది. నాకంటే బాగా అల్లినావు.”

అప్పుడు ఇటు తిరిగింది. ముఖంలో నెత్తురు లేదు. “ఆకరి ముడి ఏసినకాడినుంచి లోపల కదల్లేదు తాతా. ముందే ఏదీ తయారవకూడదని అమ్మమ్మ సెప్పినాది నిజమేనేటి? నానే ముగించీసినానా?”

అబద్ధాలకు ఎన్నడూ కరువు లేనివాణ్ణి. ఆ క్షణంలో ఒక్కటీ దొరకలేదు.

పక్కింటామెను ఆటో కోసం పరిగెత్తించాను. వెనక గదిలో ఆవిడ అప్పటికే కత్తెర పట్టుకుని పసుపుపచ్చ పోగు కొస వెతుకుతోంది.

“దాన్ని ముట్టుకోకు,” అన్నాను.

“మరి ఇది నిండిపోనాది కదయ్యా!”

కత్తెర లాక్కున్నాను. దుప్పటి మూల చదరం, అన్నిటికంటే ముందు నేను అల్లిన ఎర్రది, దాని కుట్టు కోసి పోగు పట్టుకుని లాగాను. వరస వెనక వరస ఊడిపోతూ వచ్చింది. ముందు నుదురు పోయింది, చివరికి గడ్డం పోయింది. మనవరాలు గుమ్మం పట్టుకుని నిలబడి చూస్తోంది.

“సూడు, ముగియలేదు. మళ్ళీ ఖాళీ ఉన్నాది,” అన్నాను.

ఆవిడ నా మొహం చూసింది, పసుపుపచ్చ గుండె చూసింది, మనవరాలిని చూసింది. వెళ్ళి దాని ఎడమచెయ్యి పట్టుకుంది.

చివరి ముడి ఊడగానే బిడ్డ తన్నిందని ఊరంతా చెప్పాను. అబద్ధం. విజయనగరం చేరేదాకా ఆటోలో ఏమీ కదల్లేదు. ఊడిన ఎర్ర పోగు నా చొక్కా గుండీకి చుట్టుకుని ఉందని ఆస్పత్రి మెట్ల దగ్గర చూసుకున్నాను. నర్సు పొట్టమీద యంత్రం ఆనించి వెతికింది. గరగర తప్ప ఏమీ లేదు. కొంచెం జరిపింది. మళ్ళీ గరగర. ఇంకొంచెం జరిపాక, గుర్రం పరిగెత్తినట్టు టకటకా వినిపించింది.

“నిద్దరోతన్నాది మీ గుంట. ఇలగ బెంగెట్టీసుకుంటే ఎలాగ? అయినా కదలకపోతే ఇలగే బేగి తెచ్చీయండి,” అంది నర్సు. చల్లటి జ్యూసు తాగించి ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టాక తన్నింది. మా ఆవిడ నేలమీద చతికిలబడి నన్ను తిట్టడం మొదలుపెట్టింది. ఎందుకు తిట్టిందో ఇద్దరికీ తెలియదు.

ఆడపిల్ల పుట్టింది. గట్టిగానే కేరుమంది. మొదట పాత చీర ముక్కలోనే చుట్టారు. పురుడు తీరాక దుప్పటి కప్పారు. పసుపుపచ్చ గుండె మధ్యలో తలకిందులుగానే ఉంది. దాన్ని తిప్పి కుట్టమని ఎవరూ అనలేదు. పిల్ల కాలు ఎప్పుడూ ఆ ఖాళీ మూలలోంచే బయటికి వస్తుంది.

“గుంట పుట్టీసినాది కదా, ఆ మూల అల్లీవయ్యా, కాలికి సలేస్తాది,” అంటుంది ఆవిడ ఇప్పుడు.

ఊలు అయిపోయిందంటాను, ఆ రంగు బజారులో దొరకడం లేదంటాను. ఊలు ఉంది. ఆ విప్పిన పోగునే తడిపి, కొసకు బరువు కట్టి ఆరేసి, సాఫుగా ఉండ చుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టాను. మూత తీసినప్పుడల్లా ఉండ వదులై, ఉంగరాలు తిరిగి, నుదురూ గడ్డమూ ఉన్నట్టు ముడుచుకుని కనిపిస్తుంది. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు. మూత పెట్టేసి, ఊలు లేదని ఆవిడకు మళ్ళీ చెబుతాను.