నాగోల్ సందులో బంగారం కడిగిన ఆదివారం

మా చిన్నప్పుడు నాగోల్‌లో ఏ సందులో చూసినా పునాది గుంతలే... మేం కిరాయికుండే ఇంటి పక్కనే అపార్టుమెంటు కోసం ఒకటి తవ్వారు. నల్లమట్టి దాటాక నున్నటి గులకరాళ్ళు, ముతక ఇసుక బయటపడ్డాయి. అదంతా మా గేటు ముందే కుప్ప పోశారు.

ఊరి నుంచి వచ్చిన మా నాయనమ్మ ఆ కుప్ప ముందు చతికిలబడింది. ఒక రాయి తీసి నా చేతిలో పెట్టింది.

"గిది ఏటి రాయి బిడ్డా. నీళ్ళల్ల దొర్లి దొర్లి గిట్లయితది. మూసీ ఒకప్పుడు ఈడికెళ్ళే పారింది."

వయసులో ఉన్నప్పుడు ఆవిడ గోదావరి ఒడ్డున ఇసుక కడిగి బంగారం తీసేదట! నాన్న ఏనాడూ చెప్పలేదు...

"కడిగి సూద్దామానే?" అంది. నేను ఎగిరి గంతేశాను.

నాన్న మండిపడ్డాడు. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల షాపులో సేల్స్‌మన్. ఇస్త్రీ చొక్కా లేనిదే గడప దాటేవాడు కాదు.

"ఇజ్జత్ తియ్యకమ్మా! మట్టి కడిగేటోళ్ళని ఊర్ల అన్నది సాలదా? ఈడ గూడ అనిపిస్తవా?"

"నేనేమన్న దొంగతనం జేసిన్నారా? సిగ్గయితే నువ్వు ఇంట్ల కూసో."

ఆదివారం చర్చి నుంచి రాగానే పిండి కలిపే తాంబాళం పట్టుకుని, సందంతా చూస్తుండగా గేటు ముందు కూర్చున్నాం. నేను రాళ్ళు ఏరి పారేసి నీళ్ళు పోసేదాన్ని. నాయనమ్మ తాంబాళం ఆడిస్తుంటే తేలిక ఇసుక అంచు మీదుగా జారిపోయేది... బరువైన నల్ల ఇసుక అడుగున నిలిచేది. బంగారం ఉంటే అందులోనే ఉంటుందట.

పై వాటా ఆంటీవాళ్ళది గుంటూరు. ఆంటీ బాల్కనీలోంచి నవ్వింది.

"మామ్మగారూ, దొరికితే మా అమ్మాయికి ఓ జత గాజులు చేయించండి!"

అందరూ నవ్వారు. మా క్లాసు పిల్లలు కూడా... నా చెవులు కాలిపోయాయి. అయినా లేవలేదు.

"దొరికితే మా నాయనమ్మనే ఏసుకుంటది ఆంటీ!" అని అరిచాను.

నా అరుపు విని నాన్న బయటికి వచ్చాడు. జుట్టు పట్టుకుని లోపలికి లాక్కెళ్తాడనుకున్నాను... తెల్ల చొక్కా చేతులు మడిచి నాయనమ్మ పక్కన కూర్చున్నాడు.

"జర ఇటియ్యి. నడుం పోతది నీకు."

తాంబాళం అందుకుని తిప్పుతుంటే నోరు తెరిచి చూస్తుండిపోయాను. అచ్చం నాయనమ్మలాగే! ఆ చేతులు ఏమీ మర్చిపోలేదు.

బాల్కనీ వైపు తలెత్తి, సందంతా వినేలా అన్నాడు. "మాది గోదారి ఒడ్డు అక్కా. బంగారం కడిగేటోళ్ళం. మా అమ్మ నేర్పింది."

నవ్వులు ఆగిపోయాయి. కాసేపటికి ఆంటీ కూడా దిగి వచ్చి మా వెనక నిలబడి తొంగి చూసింది.

పొద్దుగూకేదాకా కడిగాం. బంగారం దొరకలేదు... ఒక్క రవ్వ కూడా. మెరిసిందల్లా కాకిబంగారమే.

"లేకుంటే లేకపాయె. సూసినం గదా," అంటూ నాయనమ్మ చేతులు దులుపుకుంది. నాన్న పగలబడి నవ్వాడు.

మర్నాడు స్కూల్లో "మట్టి కడిగేటోళ్ళు" అని ఏడిపించారు.

"అవును, కడుగుతం. మీకొస్తదా?" అన్నాను. మళ్ళీ ఎవరూ అనలేదు.

ఇప్పుడు అక్కడ ఐదంతస్తులు లేచాయి... ఆ సందులో ఎవరి తాతలు ఏం చేసి బతికారో ఎవరూ పైకి చెప్పుకోరు. మీ ఇంట్లో కూడా సిగ్గుపడి దాచేసిన పని ఏదైనా ఉందా? ఉంటే ఇక్కడే, అందరి ముందూ, గట్టిగా చెప్పండి...