పెరట్లో బావి ఎక్కడుంది?

గుండీలక్క అసలు పేరు ఆ వీధిలో చాలామందికి తెలియదు. ఎవరి చొక్కాకైనా గుండీ ఊడి కనబడితే గుమ్మం దగ్గరే నిలబెట్టి, చొక్కా ఒంటిమీద ఉండగానే కుట్టి, పళ్ళతో దారం తెంపి పంపించేది. అలా ఆ పేరు స్థిరపడిపోయింది. ముందుగదిలో కుట్టుమిషను, కత్తిరింపులకో బల్ల. దాని వెనక రెండు గదులు, వంటిల్లు, ఆ వెనక పెరడు. ఇంట్లో ఉండేది ఇద్దరే. తను, తన భర్తకి పెద్దక్క అయిన వదిన.

వదిన టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది, తనే పెళ్ళి చేసింది. ఆ తమ్ముడు లారీ ప్రమాదంలో పోయినప్పుడు, మరదలు పుట్టింటికి పోదామని పెట్టె సర్దుకుంటుంటే వచ్చి, చీరలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ బీరువాలో పెట్టేసింది.

"ఎక్కడికి పోతావే? ఇది నీ ఇల్లు. నోరు మూసుకుని ఉండు."

అంతే. ఆ తర్వాత ఆ విషయం ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు.

అలాంటి వదినకి డెబ్బై దాటాక మతిమరుపు పట్టుకుంది. మొదట్లో నవ్వుకునేలాగే ఉండేది. మధ్యాహ్నం పౌడరు రాసుకుని, చేతిసంచీ భుజాన తగిలించుకుని "డ్యూటీకి టైమైంది" అని బయల్దేరేది. మూల మీద కిరాణా కొట్టాయన "మేడంగారూ, ఇవాళ సెలవండీ" అని వెనక్కి తీసుకొచ్చేవాడు. ఇలా కాదని గుండీలక్క వీధి తలుపుకి పైన గొళ్ళెం పెట్టించింది. దాంతో వదిన చూపు పెరటి తలుపు మీద పడింది.

గుండీలక్కకి అసలు భయం పట్టుకుంది అప్పుడే.

ఆ పెరడు సగం వరకే పెరడు. బట్టలుతికే బండ, ఆరేసుకునే తీగ, ఓ నిమ్మచెట్టు. అది దాటితే అడవి. నిలువెత్తు వయ్యారిభామ మొక్కలు, ముళ్ళపొదలు, వాటి మీద అల్లుకుపోయిన తీగలు. నేలనేది కనబడదు. ఆ అడవిలో ఎక్కడో ఓ బావి ఉంది. కుళాయిలు వచ్చాక దాన్ని వాడటం మానేశారట. గట్టు కూలిపోతే మామగారు ఇటుకలు ఏరేసి, పైన చెక్కలు పరిచి, తర్వాత పూడ్పిద్దాం అనుకున్నారట. ఆయనే పోయారు. గుండీలక్క కాపురానికి వచ్చేసరికే అక్కడంతా పొదలే. ఆ చెక్కలు ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాయో దేవుడికే తెలియాలి.

"పెరటి తలుపుకి తాళం వేసేయక్కా, గొడవ వదిలిపోతుంది," అన్నారు అందరూ.

ఒకరోజు వేసింది. కాసేపటికి లోపల్నుంచి తలుపు తట్టిన చప్పుడు. వదిన గొంతు, ఎవరో పరాయి ఆఫీసరుతో మాట్లాడుతున్నట్టు మెత్తగా వచ్చింది.

"ఎవరండీ తాళం వేసింది? నేనేం తప్పు చేశానండీ?"

తన పుట్టింటి తలుపు దగ్గర నిలబడి ఆమె అలా అడుగుతుంటే గుండీలక్క కత్తెర బల్ల మీద పడేసి లేచింది. వెళ్ళి తాళం తీసేసింది. ఆ సాయంత్రమే కొడవలి సాన పట్టించుకొచ్చింది.

పొదలు కొట్టే పనికి ఇద్దరు కూలీలు వచ్చారు. బావి మాట వినగానే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "కనబడే బావైతే దిగమన్నా దిగుతామమ్మా. కనబడని దానిలో పడే ఓపిక మాకు లేదు," అని తట్టలెత్తుకుని వెళ్ళిపోయారు.

బావి ఎక్కడుందో చెప్పగలిగింది భూమ్మీద ఒక్కరే. ఆ ఒక్కరినే అడిగింది.

"నిమ్మచెట్టుకి ఎదురుగా," అంది వదిన ఠక్కున.

మర్నాడు అడిగితే, "గోడవారగా కదే. నాన్న ఆ గోడకే చేద తగిలించేవాడు." ఇంకో రోజు విసుక్కుంది. "మనకి బావెక్కడిదే? మతిపోయిందా నీకు?"

ఇక గుండీలక్క తనే దిగింది. పక్కింట్లో కారు డ్రైవింగు నేర్పే మాస్టారుంటాడు. ఆయన గోడ మీంచి చూసి, చూసి, ఓ వెదురు నిచ్చెన ఇటు దింపాడు.

"దీన్ని నేల మీద పడుకోబెట్టి, దాని మీద మోకాళ్ళేసి కోయండమ్మా. కింద నేల దిగబడినా నిచ్చెన ఆపుతుంది. కాలు ఎప్పుడూ బ్రేకు మీదే ఉండాలి. నా దగ్గరికొచ్చే వాళ్ళకి మొదట అదే చెబుతాను."

"మీ శిష్యులు రోజూ మా గేటుకే గుద్దుతున్నారుగా మాస్టారూ."

"అందుకే చెప్పేది," అన్నాడాయన.

పొద్దున్నే వదినకి ఫలహారం పెట్టి, రేడియో దగ్గర కూర్చోబెట్టి, పెరటి తలుపు బయట గొళ్ళెం వేసి దిగేది. లోపలికొచ్చాక, బావి దొరికేదాకా అని, వదినకి అందకుండా పైన పెట్టించిన గొళ్ళెం వేసేది. ముందు గునపంతో పొడవాలి. గట్టిగా తగిలితే నిచ్చెన జరపాలి. ఆ మేర కోయాలి, వేళ్ళు పెకలించాలి, మళ్ళీ పొడవాలి. గునపం దించిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టేది. నేల దబ్బుమంటే వదిలేది. చేతుల నిండా ముళ్ళు. మిషను మీద కూర్చుంటే సూది పట్టుకునే వేళ్ళే మండిపోయేవి.

ఓసారి గునపం పట్టుకున్న చేయి దాకా జర్రున దిగిపోయింది. గుండీలక్క నిచ్చెనని కరుచుకుని కాసేపు కదల్లేదు. ఆ కన్నంలోంచి మట్టి దులుపుకుంటూ ఓ పందికొక్కు బయటికొచ్చి, ఆమె మొహంలోకి చూసి, తాపీగా గోడవైపు నడిచి వెళ్ళింది. అప్పుడు ఆమెకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆమెకే తెలియలేదు.

అలా నిమ్మచెట్టు ఎదురుగా అంతా అయింది. బావి లేదు. గోడవారన అయింది. అక్కడా లేదు. నడి మధ్య మాత్రం మిగిలింది. అన్నింటికన్నా చిక్కగా పెరిగిన చోటు అది.

ఆరోజు మధ్యాహ్నం స్కూలు టీచరు జాకెట్టు సరిచేయించుకోవడానికి వచ్చింది. సాయంత్రం ఏదో సభట, చేతులు బిగుతుగా ఉన్నాయట, తొందరట. మట్టిచేతులతో పెరట్లోంచి పరుగున వచ్చిన గుండీలక్క తలుపు దగ్గరికి వేసింది, పై గొళ్ళెం వేయడం మరిచింది. టీచరు ఒంటిమీదే జాకెట్టుకి పిన్నులు పెడుతూ, ఉన్నట్టుండి ఆగిపోయింది.

రేడియో మోగుతూనే ఉంది. దానితో పాటు వదిన గొణగడం మాత్రం వినబడటం లేదు.

గదిలో కుర్చీ ఖాళీ. స్నానాలగదిలో నీలం బకెట్టు లేదు. పెరటి తలుపు బార్లా తీసి ఉంది.

వదిన అప్పటికే కోయని పొదల్లో ఉంది. నడుం పైభాగం మాత్రమే కనబడుతోంది. చేతిలో బకెట్టు. ముళ్ళు చీర పట్టుకుని లాగుతుంటే విదిలించుకుంటూ నడుస్తోంది.

గట్టిగా పిలవబోయి గుండీలక్క నోరు నొక్కుకుంది. ఉలిక్కిపడితే వదిన పరిగెత్తుతుంది. వీధిలో రెండుసార్లు అలాగే జరిగింది. చెప్పులు విడిచేసి, వదిన తొక్కిన చోటే తొక్కుతూ వెనకే బయల్దేరింది. గునపం లేదు, నిచ్చెన లేదు. వదిన బరువుని మోసిన నేల తనని మోస్తుందన్న ఒక్క ఆశ.

"వదినా," అంది, పక్కగదిలోంచి పలకరించినట్టు. "ఎక్కడికి?"

వదిన వెనక్కి తిరగలేదు. "నీళ్ళకి. నాన్న స్నానానికి లేచే వేళైంది."

"నేను తెస్తానుగా. మీరుండండి."

"నీకు తెలీదే. అక్కడంతా పాచి. జారతావ్."

ఆ గొంతులో తడబాటు లేదు. నడకలోనూ లేదు. ఇంట్లో గడపలు వెతుక్కుంటూ నడిచే మనిషి, ఇక్కడ కంటికి కనబడని దేన్నో తప్పించుకుంటున్నట్టు ఎడమకి తిరిగి, కొంచెం వంగి, మళ్ళీ తిన్నగా అయింది. అప్పుడర్థమైంది గుండీలక్కకి. ఈమె దారి తప్పలేదు. సరిగ్గా బావి దగ్గరికే వెళ్తోంది.

వదిన ఆగింది. కుడికాలు మెట్టెక్కుతున్నట్టు పైకెత్తింది. అక్కడ మెట్టు లేదు, తీగల గుబురు ఉంది. కాలు దాని మీద ఆనింది. కింద ఏదో కిర్రుమంది.

గుండీలక్క ఉన్నపళంగా దూకి రెండు చేతులా వదిన నడుం చుట్టి వెనక్కి విసురుగా లాగింది. ఇద్దరూ ముళ్ళపొద మీద వెల్లకిలా పడ్డారు. పెళపెళమని చెక్క విరిగింది. తీగల గుబురు మధ్యకి కుంగి, దాని మీద పడ్డ బకెట్టుని మింగేసింది. చప్పుడు లేదు. ఇంకా లేదు. అప్పుడు, ఎంతో కింద, ధబ్బుమని నీళ్ళ చప్పుడు.

"బకెట్టు పడేశావుగా!" వదిన మండిపడింది. "ఇప్పుడు నాన్నకి ఎవరు చెబుతారు?"

"నేను చెబుతాను వదినా. నేనే చెబుతాను," అంటూ గుండీలక్క ఆమె నడుం వదల్లేదు. వదలమన్నా వదల్లేదు.

తలుపు దగ్గర టీచరు పిన్నుల జాకెట్టుతోనే నిలబడి కేకలు పెడుతోంది. ఆ కేకలకి మాస్టారు గోడ దూకాడు. నిచ్చెన పరిచి, వాళ్ళిద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని బండ దాకా తీసుకొచ్చాడు. తర్వాత వెనక్కి చూశాడు. ఆ పొద్దున గుండీలక్క మోకాళ్ళేసి కూర్చున్న చోటుకీ ఆ గొయ్యికీ మధ్య దూరం నిచ్చెనంత కూడా లేదు.

చోటు తెలిశాక కూలీలు వచ్చారు. తాపీమేస్త్రీ చుట్టూ గట్టు కట్టి, పైన ఇనప ఊచల మూత బిగించాడు. మిగిలిన పొదలన్నీ కొట్టేసి ఎండబెట్టి తగలబెట్టారు. ఎండ పడిన ఆ నేలని చూసి, ఇంత చోటుందా మన పెరట్లో అని గుండీలక్క ఆశ్చర్యపోయింది. పెరటి తలుపు పై గొళ్ళెం ఊడదీసి మేస్త్రీకే ఇచ్చేసింది. మళ్ళు కట్టి వంగనారు వేసింది.

నారు నిలదొక్కుకున్న రోజుల్లో, ఓ ఉదయం కాఫీ గ్లాసుతో వెళ్ళేసరికి వదిన మడిలో గొంతుక్కూర్చుని ఉంది. ఒక్క మొక్క మిగల్చలేదు. అన్నీ పీకి, మట్టి దులిపి, మడి గట్టు మీద వరసగా పేర్చింది.

"కలుపు తీసేశానే. నడుం పడిపోయింది," అంది గొప్పగా.

ఇన్నాళ్ళూ మాట తూలని గుండీలక్క ఆరోజు అరిచేసింది. "ఏం చేశారు వదినా! చేతులు కుదురుగా ఉండవా మీకు?" ఆ అరుపు పక్కింటికీ వినబడింది. వదిన మొహం చిన్నబోయింది. మట్టిచేతులు చీరకి తుడుచుకుని, ఏ తప్పు చేసిందో తెలియక, కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

గుండీలక్క కాఫీ పక్కన పెట్టి ఆమె ఎదురుగా కూర్చుంది. కాసేపటికి ఓ మొక్క తీసి వదిన చేతిలో పెట్టి, వేలితో మట్టిలో గుంట చేసి చూపించింది. వదిన నాటింది. ఇంకోటి ఇచ్చింది. అదీ నాటింది. ఎండ ఎక్కేలోగా మడంతా మళ్ళీ నాటారు.

సగం మొక్కలు ఎండిపోయాయి. సగం బతికాయి.