కేతేపల్లి బావి మీద రెండుసార్లు కాలిన మోటారు

1965 ఎండాకాలం. నేను నల్లగొండలో మోటార్ల మరమ్మతు దుకాణం పెట్టి అప్పటికి నాలుగేళ్లు. చుట్టుపక్కల ఊళ్లకు కరెంటే కొత్త, బావుల మీద మోటార్లు ఇంకా కొత్త. మోటారు కాలితే లోపలి రాగి తీగ చుట్లను, అంటే వైండింగును, పీకేసి మళ్లీ చుట్టడం నా పని. చేయి మంచిదని పేరొచ్చింది. పేరుతోపాటు పొగరు కూడా వచ్చిందని ఒప్పుకోవడానికి ఈ వయసులో నాకేం నామోషీ లేదు.

కేతేపల్లి నుంచి మల్లయ్య అనే రైతు వచ్చాడు. గొర్లు కాసే ఇల్లు, బావి కింద ఎకరన్నర వరి. మొదటిసారి కాలినప్పుడు నేనే చుట్టి, బావిలో బిగించి వచ్చిన మూడు హెచ్‌పీ, అంటే మూడు గుర్రాల మోటారు ఐదో రోజే బండిలో తిరిగొచ్చింది. మూత విప్పగానే మాడిన వార్నిష్ వాసన. కాలింది నేను చుట్టిన తీగే. అయినా నా నోరు ఊరుకుందా? దుకాణంలో నలుగురి ముందూ ఆయన మీదే పడ్డాను.

"ఒక ఫ్యూజు పోయినా చూసుకోకుండా నడిపినవు మల్లన్నా. మూడు తీగల కరెంటు రెండిట్ల గుంజితే కాలదా?"

"ఒక్క ఫ్యూజు పోలే మేస్త్రీ. మా ఇంటిది లచ్చమ్మ బాయికాడనే కూసుంది, అడుగు. వరి పొట్టకొచ్చింది. ఇంకో నాలుగు దినాలు నీళ్లు లేకుంటే తాలే మిగుల్తది. గీ మోటరు చిన్నది, గుంజలేక కాలుతాంది. ఐదు గుర్రాలది ఇప్పియ్యి. రేపు పొద్దుగాల్ల గొర్లను అంగడికి తోల్త."

మోటారు నేమ్ ప్లేట్ మీద దసరాకు పెట్టిన పసుపూ కుంకుమా అట్టకట్టి ఉంటే గీకి చదివాను. నాలుగు వందల వోల్టులు, మూడు హెచ్‌పీ. ఆ పంపుకు అది సరిగ్గా సరిపోతుంది. పెద్దది పెడితే తీగల మీద ఇంకా ఎక్కువ కరెంటు గుంజుతుంది. అదీ కాలిందంటే మందా పోతుంది, వరీ పోతుంది. వద్దని చెప్పి నేనే పొరబడితే? అప్పుడూ వరి పోతుంది. ఏది చెప్పినా ఒక ఇల్లు నా మాట మీద ఆధారపడి ఉంది.

"గొర్లను ఒక్క రోజు ఆపు మల్లన్నా" అన్నాను. నా దుకాణంలోని మూడు హెచ్‌పీ మోటారు ఒకటి, వోల్టు మీటరు బండిలో వేసుకుని తెల్లారి వాళ్ల బావికి పోయాను.

బావి లోపల, నీళ్లకు కాస్త పైన బండ మీద మోటారు బిగించాను. నడపక ముందు మూడు తీగలనూ రెండేసి చొప్పున మీటరుతో చూశాను. మూడు జతలూ నాలుగు వందలే. ఇదే చూసి మొదటిసారి నేను నిశ్చింతగా ఇంటికి పోయాను. ఈసారి మోటారు నడుస్తుండగా చూడాలనుకున్నాను. కాళ్ల కింద తడి, చేతిలో కరెంటు. పైన స్టార్టర్ దగ్గర మల్లయ్య భార్య లచ్చమ్మ.

"ఎయ్యనా తమ్మీ?"

"ఎయ్యి అక్కా. నేను ఒర్రంగనే బందు చెయ్యి."

మోటారు మూలిగింది. ఒక జత మీద మీటరు ముల్లు కదలలేదు. మిగిలిన రెండు జతల మీద మూడు వందలకు పడిపోయింది. "బందు చెయ్యి!" అని అరిచాను. తగ్గిన రెండు జతలకూ ఉమ్మడిగా ఉన్నది ఒకే తీగ; లోపం అందులోనే.

పైకొచ్చి స్తంభం నుంచి తీగ వెంబడి నడిచాను. చెలకలో తీగలు తిన్నగా రాకుండా గుండ్రంగా తిరిగి ఉన్నాయి. ఎందుకని అడిగాను.

"మొన్న ఎరువుకని ఈడ మంద ఆపినం గద తమ్మీ. తీగ గొర్లకు తాకుతదని, ఫ్యూజులు పీకి కోసి, దొడ్డి సుట్టు తిప్పి అతికిచ్చినం" అంది లచ్చమ్మ.

అతుకులు ఎరువు తడిలో పడి ఉన్నాయి. వాటికి చుట్టిన గుడ్డ విప్పితే రెండు కాస్త బాగానే ఉన్నాయి. మూడోది నల్లగా మాడి, పట్టుకుంటే రాలిపోయేట్టుంది. ఖాళీగా ఉన్నప్పుడు వోల్టేజీ చూపించడానికి ఆ కాస్త అతుకు చాలు. మోటారు లాగేటప్పుడు, అంటే లోడ్ మీద, అది చాలదు.

"గీ ముచ్చట మొదట్నే చెప్పొద్దా అక్కా?"

"తీగ సంగతి ఎవలడిగిన్రు? నువ్వు మోటర్నే సూస్తివి."

అతుకులన్నీ కోసి కొత్త తీగ వేశాను. మళ్లీ బావిలోకి దిగి, నడుస్తుండగా చూస్తే మూడు జతలూ సమానం. గంటసేపు మోటారు ఒంటి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. వేడెక్కలేదు. మల్లయ్య మడికి నీళ్లు మళ్లించి వచ్చి, అంగడికని విడిగా కట్టిన గొర్లను విప్పి మందలో కలిపాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

బండెక్కుతుంటే లచ్చమ్మ మజ్జిగ తెచ్చిచ్చి, కోపం లేకుండానే అంది: "మొదటిసారే గిట్ల తీగపొంటి నడిచుంటే, మోటరు రెండోసారి సుట్టే కూలికని అమ్మిన నాలుగు సూడిగొర్లు గూడ మందల్నే ఉండేటియి తమ్మీ."

ఆ తరువాత ముప్పై ఏళ్లు ఈ పని చేశాను. ఏ ఊరికి పోయినా మోటారు ముట్టుకునే ముందు ఆ ఇంటివాళ్లతో కలిసి తీగ వెంబడి నడిచాను, మోటారు బాగున్న నాటి నుంచి ఈ చేన్ల ఏమేం మార్చిన్రని అడిగాను.