మార్గరెట్ ఆంటీ పుస్తకంలో మా అమ్మ వాన

మొన్న శనివారం సన్నీవేల్ ఫార్మర్స్ మార్కెట్‌లో బ్లాక్‌బెర్రీల బుట్ట మీదికి వంగానో లేదో, ఎండకు మగ్గిన ఆ పుల్లటి వాసన నన్ను పిస్కాటవేలో మా చిన్నప్పటి ఇంటికి, పక్కింటి మార్గరెట్ ఆంటీ వంటగదికి లాక్కుపోయింది.

ఆవిడ రచయిత్రి. ఇంగ్లండ్‌లో గొర్రెలు మేసే ఏదో పల్లెలో పుట్టి, అమెరికా అబ్బాయిని పెళ్ళాడి న్యూజెర్సీ వచ్చేసి, జీవితమంతా ఆ పల్లె గురించే పుస్తకాలు రాసింది: ముళ్ళ కంచెల మీద విరగబూసిన తెల్లపూలు, ఈనడానికొచ్చిన గొర్రెలు, మంచు పేరుకున్న చెక్క గేట్లు, చర్చి వెనక కాకుల గోల. ఆకులు రాలే రోజుల్లో మేం డ్రైవ్‌వేలో సైకిళ్ళు తొక్కుతుంటే ఆవిడ టైప్‌రైటర్ టకటకలు వీధిలోకి వినిపించేవి. బతుకమ్మ పండక్కి అమ్మ సత్తుపిండి, మలీద ముద్దలు గిన్నెలో పెట్టి పంపితే, ఆ గిన్నె బ్లాక్‌బెర్రీ జామ్‌తో తిరిగొచ్చేది.

నాకు పదేళ్ళప్పుడు, చివరి పుస్తకం సగంలో ఉండగా, ఆవిడకి ఊరు గుర్తురావడం మానేసింది. వాన గురించి రాయాలి, వాసన తలపుకు రావడం లేదు, ఇక ఈ పుస్తకం పూర్తి కాదు అంటూ మా మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. పాపం, అంత పెద్దావిడ ఏడవడం నేనెన్నడూ చూడలేదు.

అమ్మకి ఇంగ్లీష్ అంతంతమాత్రం. "ఏమైందే ఆమెకు?" అంది. చెప్పాను.

"గంతేనా? మా జొన్న చేన్ల తొలి వాన పడ్తే వేంచిన శనగల వాసనొస్తదని చెప్పు."

ఆ సాయంత్రం మొదలు అమ్మ చెబుతూ పోయింది, నేను ఇంగ్లీష్‌లో అందిస్తూ పోయాను, ఆంటీ రాసుకుంటూ పోయింది. బురదలో చెప్పులు చేతపట్టుకుని బడికెళ్ళడం, తాత గొంగడి కప్పుకుని చేను నుంచి రావడం, అన్నీ నేనూ అప్పుడే మొదటిసారి విన్నాను. పుస్తకం పూర్తయింది. మొదటి పేజీలో అమ్మ పేరు వేస్తానని ఆంటీ ఎంత బతిమాలినా, అమ్మ ఒప్పుకుంటేనా!

"పేరెందుకే? ఆమె ఎన్నడన్న గిన్నె ఖాలీగ పంపిందా?"

ఆంటీ పోయింది. అమ్మ వాళ్ళ చేను ప్లాట్లయిపోయింది. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. నిన్న ఆ పుస్తకం తీసి, వాన గురించిన పేజీలు తెలుగులో చెప్పి వినిపించాను. జొన్నలు గోధుమలయ్యాయి, తాత గొంగడి ఉన్ని కోటుగా మారింది. అమ్మ బుద్ధిగా విని, "ఆంటీ ఊరు మంచిగుంటుండె," అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. పక్కింటావిడ కోసం మాట మాటా తర్జుమా చేసినదాన్ని, నా అంతట నేను మా అమ్మని ఒక్క ప్రశ్నైనా అడిగిన పాపాన పోలేదు. ఎన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నామో కదా!

"అది నీ ఊరి వానే అమ్మా. నువ్వే చెప్పావు. ఇంకా చెప్పవూ?" అన్నాను.

అమ్మ ఆ పేజీని వేళ్ళతో తడిమింది.

"మా ఊర్ల వాన ఎట్లుంటుండెనో యాదికొస్తలేదు బిడ్డా."