హాజరు పట్టీలో దీవెన

పదకొండేళ్లుగా నేనొక అక్షరాన్ని మోస్తున్నాను. బడికి వచ్చిన పిల్ల పేరు ఎదురుగా హాజరు పట్టీలో వేసే ‘పి’ అనే అక్షరం. వేయడానికి చిటికె సేపు పట్టదు. దించుకోవడం ఇన్నేళ్లయినా చేతకాలేదు. మా ఆయనకు చెప్పలేదు. బడిలో పక్క కుర్చీలో కూర్చునేవాళ్లకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. మొహం చూస్తూ చెప్పే ధైర్యమే ఉంటే ఎప్పుడో చెప్పేదాన్ని.

నేను టీచర్ని. సొంతూరు వనపర్తి. ఆ రోజుల్లో గద్వాలలో అద్దెకుండి, ధరూర్ వైపు ఒక ఊరి బడికి రోజూ షేర్ ఆటోలో వెళ్లేదాన్ని. ఆ ప్రాంతంలో విత్తనాల కోసం సీడ్ పత్తి వేస్తారు. పూత సమయంలో ఒక్కో మొగ్గనూ చేత్తో ఒలిచి, మర్నాడు పొద్దున్నే మగపువ్వు తెచ్చి దానికి రుద్దాలి. క్రాసింగ్ అంటారు. చిన్న వేళ్లయితే మొగ్గ విరగదని పిల్లల్ని తీసుకుపోతారు. తప్పే. అందరికీ తెలిసిన తప్పు. ఆ రెండు నెలలూ మా బడి సగం ఖాళీగా ఉండేది.

హాజరు పట్టీ మాత్రం నిండుగా ఉండేది. పైనుంచి ఎవరైనా వచ్చి పిల్లలేరి అని అడిగితే ఎవరు జవాబు చెబుతారు? ‘క్రాసింగ్ అయినంక వాళ్లే వస్తరు తీయ్’ అనేది నేను చేరకముందు నుంచీ ఆ బడిలో ఉన్న మాట. మొదటి ఏడు వింతగా అనిపించింది. రెండో ఏడు అలవాటైంది. మూడో ఏడు, కొత్తగా వచ్చిన టీచరుకు నేనే నేర్పాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అంటారు కదా. ఉలిపికట్టెను కావడం నాకు ఇష్టం లేదు. పైగా వనపర్తి వైపు బదిలీకి దరఖాస్తు పెట్టుకుని ఉన్నాను.

దీవెన అప్పుడు ఎనిమిదో తరగతి. ఆమె పేరూ, వాళ్లమ్మ సువార్తమ్మ పేరూ నేను మార్చి పెట్టినవే. సువార్తమ్మ కూలికి పోయేది. తండ్రి పుణెలో మట్టిపనికి పోయి ఏడాదికోసారి వచ్చేవాడు. పిల్ల ఒట్టి వాగుడుకాయ. ఒకసారి లేఖ రాయడం నేర్పుతుంటే, ‘చిరునామా గింత పొడుగెందుకు మేడం, ఊరి పేరు సాలదా’ అని అడిగింది. మన ఊరి పేరుతో ఇంకా ఎన్నో ఊళ్లుంటాయి, మండలం, జిల్లా రాస్తేనే ఏ ఊరో తెలుస్తుందని చెప్పాను. నవ్వి రాసుకుంది.

ఆగస్టులో ఆమె కూర్చునే చోటు ఖాళీ అయింది. పత్తి చేనుకు పోయిందనుకున్నాను. పి వేశాను. మర్నాడూ వేశాను. పేర్లు చదవకుండా పైనుంచి కిందికి వరసగా వేసుకుంటూ పోయాను.

ఆమె చేనుకు పోలేదు. దూరపు చుట్టాన్నని చెప్పుకున్న ఒకామె, హైదరాబాదులో బట్టల దుకాణంలో పని ఇప్పిస్తాను, సాయంత్రాలు చదువుకోవచ్చు అని నమ్మించి, తల్లి కూలికి పోయిన పూట వెంటబెట్టుకుపోయింది. సువార్తమ్మ చుట్టాల ఇళ్లన్నీ వెతికి పోలీస్ స్టేషన్‌కు పోయింది. అక్కణ్నుంచి బడికి ఫోనొస్తే ఎవరో పట్టీ తిరగేసి, పిల్ల నిన్నటిదాకా రోజూ వచ్చిందని చెప్పారు. బడికి వస్తున్న పిల్ల తప్పిపోయిందంటే ఎవరు నమ్ముతారు? తల్లీబిడ్డల కొట్లాట అయి ఉంటుంది, నాలుగు రోజులు చూడమని ఆమెను పంపేశారు.

మర్నాడు ఆమె నా దగ్గరకొచ్చింది. వరండాలో చెప్పులు విడిచి, తరగతి గది గడప బయటే నిలబడింది.

“మేడం, మా పిల్ల బడికి రాక పదకొండు దినాలాయె. మీ బుక్కుల రోజూ వచ్చినట్టున్నదంట. ఏంది మేడం గిట్ల?”

“పొరపాటున పడ్డది, సువార్తమ్మా.”

“అయితే రాలేదని ఒక్క ముక్క రాసియ్యుండ్రి. స్టేషన్ల చూపిస్త.”

“గట్ల రాసియ్యరాదు. బుక్కుల ఒకసారి పడ్డదంటే దిద్దేది ఉండదు. పెద్దసారును అడగాలె.”

ఆమె నా చేతిలో పెన్ను వైపు చూసింది.

“నాకు రాసేది రాదు మేడం. వస్తే నేనే రాసుకుంటుంటి.”

అంతే. వెళ్లిపోయింది. నేను పెద్దసారును అడగలేదు. ఆ ఒక్క పి దిద్దితే మిగతా పిల్లల ‘పి’లన్నీ బయటపడతాయి, నా పేరు బయటపడుతుంది, బదిలీ ఆగిపోతుంది. ఈ లెక్కంతా నేను కూర్చుని వేసుకున్నానని చెప్పలేను. కానీ వేసుకోకపోతే మర్నాడు కూడా దీవెన పేరు ఎదురుగా పి ఎందుకు వేశాను? ఎవరైనా చూస్తారని అంత భయపడినదాన్ని, పిల్ల ఏమైందోనని ఎందుకు భయపడలేదు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా ఒకే జవాబు వస్తుంది, అది రాయడానికి సిగ్గేస్తోంది. ఆమె కూలిదాని బిడ్డ కాబట్టి. వాళ్లు పోతుంటారు, వస్తుంటారు అనుకున్నాను కాబట్టి.

ఊరిపెద్దలు వెంటపోతే గానీ ఫిర్యాదు తీసుకోలేదు. అప్పటికి ఆ చుట్టం ఫోను పనిచేయడం మానేసింది. పద్నాలుగు నెలల తర్వాత పిల్ల తిరిగొచ్చిందని విన్నాను. నాకు అప్పటికే బదిలీ అయింది. చూడటానికి పోలేదు.

ఇప్పుడు వనపర్తి దగ్గరే పాన్‌గల్ మండలంలో పనిచేస్తున్నాను. మొన్న మా బడికి, పిల్లలను మాయమాటలతో తీసుకుపోయేవాళ్ల గురించి చెప్పడానికి ఒకమ్మాయి వస్తుందన్నారు. ఇలాంటి మీటింగులు చాలా చూశాను. బ్యానరు కడతారు, ప్రతిజ్ఞ చేయిస్తారు, ఫొటో దిగుతారు. నేను వెనక వరసలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను. గొంతు విని తలెత్తాను. దీవెన.

దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టాను. ఆమె నన్ను చూసింది, తల ఊపి నమస్తే పెట్టి, పని మొదలుపెట్టింది.

తన కథ చెప్పలేదు ముందు. తొమ్మిదో తరగతి పిల్లనొకతెను పిలిచి, “నేను మీ అత్తకు తెలిసినదాన్ని, నిన్ను మంచి పనిల పెట్టిస్త, కొత్త ఫోను గూడ కొనిస్త, వస్తవా?” అంది. పిల్ల సిగ్గుపడుతూ వస్తానంది. అందరూ నవ్వారు. దీవెన కూడా నవ్వింది. “నేను గూడ గట్లనే అన్న” అంది. నవ్వు ఆగిపోయింది.

అప్పుడు చెప్పింది. మరాఠీ మాట్లాడే ఒక పట్నంలో, బయట గొళ్లెం పెట్టిన ఇంట్లో తనను పెట్టారని. అక్కడ జరిగినవన్నీ చెప్పలేదు. రోజూ ఒక చిన్న కాగితం మీద ఊరు, మండలం, మహబూబ్‌నగర్ జిల్లా అని మొత్తం చిరునామా రాసి చెత్త సంచిలో వేసేదట. అక్కడ తెలుగు చదివేవాళ్లు లేకపోయినా నెలల తరబడి రాసిందట! చెత్త ఎత్తే ఆమె, రోజూ ఒకే రకం గీతలు కనిపిస్తున్నాయని వాటిని దాచి, పక్క సందులో ఇల్లు కడుతున్న కూలీలకు చూపించింది. పాలమూరు కూలీలు లేని పట్నం ఉందా? నాగర్‌కర్నూల్ మేస్త్రీ ఒకాయన చదివాడు. మర్నాడు పొద్దున పన్నెండు మంది పారలు పట్టుకుని ఆ గేటు ముందు నిలబడ్డారు.

పదమూడేళ్ల పిల్ల. ఆ చిరునామా నేర్పింది నేనే కదా అని మనసు ఒక మూల నుంచి గొణిగింది. చూశారా, తప్పు చేసిన మనిషి ఎంత త్వరగా పుణ్యం వెతుక్కుంటుందో. రాసింది ఆమె. నేర్పినదానికి నాకు జీతం ముట్టింది.

తర్వాత ఆమె సంచిలోంచి ఒక లాంగ్‌బుక్కు తీసింది. ‘పోయినోళ్ల పుస్తకం’ అట. పని మీద ఊరు దాటేవాళ్లు ఎవరైనా ఎవరితో పోతున్నారు, ఏ చిరునామాకు, ఏ నంబరు, ఎప్పుడొస్తారు అన్నీ అందులో రాయించాలి. ఊళ్లో చదువుకున్న పిల్లలే నడుపుతారు. వారానికోసారి నంబర్లకు ఫోను చేస్తారు. “పోవుడు తప్పుగాదు. మన తాతలప్పటి సంది పోతున్నం. యాడికి పోయిన్రో ఊరికి తెల్వకపోవుడే తప్పు” అంది. కల్వకుర్తి దగ్గరి ఒక ఊళ్లో, ఇద్దరు ఆడపిల్లలను తీసుకుపోతున్నవాడు చిరునామా చెప్పలేకపోతే, పుస్తకం రాసే పిల్లలు బస్టాండు దాకా వెంటపోయి అడుగుతూనే ఉన్నారట. వాడు తాగుతున్న చాయ్ అక్కడే పెట్టి మాయమయ్యాడట. మా పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయాను. ఏ పుస్తకంలో అబద్ధం రాసి ఆమెను పోగొట్టానో, అలాంటి పుస్తకాన్నే ఆమె ఊరూరా పంచుతోంది. ఇంత మనిషి నా తరగతిలో కూర్చుందా అనిపించింది.

చివర్లో నా దగ్గరకొచ్చింది. పుస్తకం నా ముందు తెరిచి పెట్టింది.

“మేడం, మీ రాత మంచిగుంటది. మొదటి పేజీ మీరే రాయుండ్రి.”

ఆమెకు తెలుసా? వాళ్లమ్మ చెప్పి ఉంటుందా? ఆ కళ్లలో కోపం వెతికాను, దొరకలేదు. క్షమాపణ కోసమూ వెతికాను, అదీ లేదు. రాస్తానా లేదా అని చూస్తోంది, అంతే. గీతలు గీసి పేరు, ఊరు, ఎవరితో, ఎక్కడికి అని రాసిచ్చాను. ఆమె తీసుకుని, అమ్మ ఊళ్లోనే ఉంది, బాగుంది అని చెప్పి వెళ్లిపోయింది. ఆ ఒక్క మాట నేను అడగకుండానే చెప్పింది.

అందుకే ఇవాళ ఒక తెల్లకాగితం తీసుకున్నాను. సువార్తమ్మ ఆ రోజు అడిగిన ముక్క రాశాను. కింద నా అసలు పేరుతో సంతకం పెట్టాను. ఆ కాగితంలో ఆమె బిడ్డ పేరు కూడా అసలు పేరే. ఆదివారం ధరూర్ వైపు పోయి ఇస్తాను. ఆమెకు ఇప్పటికీ చదవడం వచ్చి ఉండదు. గడప బయట నిలబడి నేనే చదివి వినిపించాలి. విని ఏమంటుందో తెలియదు. ఏమీ అనకపోవచ్చు, తలుపు వేసుకోవచ్చు.

రాసింది ఇది: ‘మీ బిడ్డ ఆ పదకొండు రోజులూ బడికి రాలేదు. వచ్చిందని రాసింది నేను. నాకు రాయడం వచ్చు.’